ఒకరు వ్రాసినది పదుగురికి

ఒక ఊరికి ఒక చెరువు కలదు. ఆ చెరువు క్రింద నూరు మడులు కలవు. ప్రతి రైతును తన మడికొక చెరువును త్రవ్వుకొనడు. ఊరివారందరును కలసి చెరువునకు తూము నమర్చి, తూమునుండి కాలువలు తీసి, ఏ కాలువకు ఎప్పుడు నీరు విడువవలెనో ముందుగానే ఏర్పరచుకొందురు. ఆ ఏర్పాటు తప్పకుండ జరుపుటకు నీరటికాడు ఉండును. చెరువు నిండినచో అందరి మడులును పండును. కట్ట తెగినచో అందరి మడులును మునుగును. కట్టను బాగుచేసినచో ఆ మేలును అందరిదే యగును.

కంప్యూటరుల విద్యలోను ఇట్టి ఉమ్మడి ఏర్పాటొకటి కలదు. ఒకరు వ్రాసిన చిన్న పనిని వేలకొలది ప్రోగ్రాములు పంచుకొనును. పంచుకొనువారికిని, పంచియిచ్చువారికిని నడుమ ఒక వేదిక నిలిచి, ఇచ్చిపుచ్చుకొనుటను నడపును. ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినది, ఎట్లు పనిచేయును, ఇందు మేలెంత, అపాయమెంత అను సంగతులు తెలిసికొనదగినవి.

కంప్యూటరునకు స్వయముగా తోచునది ఏదియు లేదు. చేయవలసిన పనిని ఒక్కొక్క మెట్టుగా విడదీసి వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుసకు ప్రోగ్రాము అని పేరు. ప్రోగ్రాములలో మాటిమాటికి అవసరమగు పనులు కొన్ని యుండును. ఒక సంఖ్యకు వర్గమూలము కనుగొనుట, పేర్లను అకారాది క్రమమున అమర్చుట, తేదీనిబట్టి వారమును చెప్పుట మొదలైనవి అట్టివి. అట్టి పనికి కావలసిన ఆజ్ఞలను విడిగా వ్రాసి, దానికొక పేరు పెట్టి, కావలసినపుడెల్ల ఆ పేరుతో పిలుచుకొనవచ్చును. ఇట్లు పేరు పెట్టిన చిన్న పనినే ఫంక్షను అందురు. 25 అను సంఖ్యనిచ్చి వర్గమూలపు ఫంక్షనును పిలిచినచో 5 అను జవాబు వచ్చును. ఆ లెక్క లోపల ఎట్లు జరిగినదో పిలిచినవారు ఎరుగనక్కరలేదు. ఏమి ఇయ్యవలెను, ఏమి వచ్చును అను రెండు సంగతులు తెలిసిన చాలును. ఇట్టి ఫంక్షనులను కొన్నింటిని ఒకచోట చేర్చి భద్రపరచినచో అది లైబ్రరీ అనిపించుకొనును.

ఈ ఆలోచన చాల పాతది. ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఎడ్సాక్ అను కంప్యూటరు నిర్మింపబడినది. 1949 మే 6వ తేదీన అది తన మొదటి ప్రోగ్రామును నడిపి, సంఖ్యల వర్గముల పట్టికను వేసియిచ్చెను. నాడు కాగితపు పట్టీలపై రంధ్రములు పొడిచి దానికి ఆజ్ఞలను అందించెడివారు. ఒక్క రంధ్రము తప్పినను లెక్కయంతయు తప్పెడిది. తన శేషజీవితములో పెద్ద భాగము తాను వ్రాసిన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని విల్క్స్ ఆ యేడాదియే గ్రహించెను. ఈ సంగతిని ఆయన తరువాతికాలమున తన ఆత్మకథలో చెప్పుకొనెను.

తప్పులను తగ్గించుటకు తేలికయైన ఉపాయమొకటి కలదు. ఒకసారి సరిగా వ్రాసి, పరీక్షించి, నమ్మదగినదని తేల్చిన పనిని ఎవ్వరును మరల మొదటినుండి వ్రాయకుండుటయే ఆ ఉపాయము. కాని దీనిని ఆచరణలో పెట్టుటకు ఒక చిక్కు అడ్డువచ్చెను. ఒకే ఫంక్షనును ఒక ప్రోగ్రాములో పదిచోట్లనుండి పిలువవలసి రావచ్చును. పని ముగిసిన పిదప ఆ ఫంక్షను ఎచ్చటికి తిరిగిపోవలెను? మూడవ చోటినుండి పిలిచినచో మూడవ చోటికే పోవలెను గాని ఏడవ చోటికి పోరాదు. కేంబ్రిడ్జిలో విల్క్స్ వద్ద పనిచేయుచుండిన డేవిడ్ వీలర్ అను యువకుడు దీనికి ఉపాయము కనిపెట్టెను. పిలుచునపుడే తానెచ్చటనుండి పిలుచుచున్నదో ప్రోగ్రాము తెలియజేయవలెను. ఆ గుర్తును బట్టి ఫంక్షను తన చివరి ఆజ్ఞను తానే దిద్దుకొని, తిరిగిపోవు దారిని సిద్ధపరచుకొనవలెను. ఇంటినుండి బయలుదేరిన బాలుడు వీధి పేరును, ఇంటి సంఖ్యను చీటిపై వ్రాసి జేబులో పెట్టుకొన్నట్లుండును ఈ ఏర్పాటు.

ఈ చిక్కు విడిపోయిన పిదప ఎడ్సాక్ లైబ్రరీ త్వరగా పెరిగినది. 1951 నాటికి అందు అందరును వాడుకొనదగిన చిన్న ప్రోగ్రాములు 87 చేరినవి. వాని కాగితపు పట్టీలను ఉక్కు బీరువాలో భద్రపరచియుంచిరి. కావలసినవారు అందుండి పట్టీని తీసి, దానికి నకలు పొడిచి, తమ ప్రోగ్రామునకు జతచేసికొనెడివారు. ఆ సంవత్సరముననే విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురును కలసి ఈ పద్ధతిని వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించిరి. ప్రోగ్రాములు వ్రాయు విద్యను గూర్చి వెలువడిన మొదటి గ్రంథముగా దానికి ప్రసిద్ధి కలదు.

అయినను ఎడ్సాక్ లైబ్రరీలో పంచుకొనుట సగమే జరిగినదని చెప్పవలెను. ప్రతివారును తమకు కావలసినదానికి నకలు తీసికొనుచుండిరి. నూరు ప్రోగ్రాములకు వర్గమూలము కావలసివచ్చినచో ఆ ఆజ్ఞలకు నూరు నకళ్లు పుట్టును. రేపు ఆ ఫంక్షనులో ఒక తప్పు బయటపడినచో నూరు చోట్లను దిద్దవలెను. ఎచ్చటనో ఒక్క నకలు దిద్దకుండ మిగిలినచో ఆ తప్పు అచ్చటనే బ్రదికియుండును. ఇది చెరువునుండి ఎవరి కుండతో వారు నీరు తీసికొనిపోయి ఇంట దాచుకొనుట వంటిది. చెరువు బాగుపడినను కుండలోని నీరు మారదు.

దీనికి మార్గము 1960ల దశకములో దొరికినది. 1965 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, బెల్ పరిశోధనాలయము, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కలసి మల్టిక్స్ అను వ్యవస్థను నిర్మింప పూనుకొన్నవి. ఆ వ్యవస్థలో ప్రోగ్రాము తనకు కావలసిన ఫంక్షనుకు నకలును వెంట మోయదు. దాని పేరును మాత్రమే వ్రాసియుంచుకొనును. ప్రోగ్రాము నడచుచుండగా ఆ పేరు వచ్చినపుడు వ్యవస్థ ఆ ఫంక్షను ఎచ్చట నున్నదో వెదకి, రెండింటిని కలుపును. ఫంక్షను ఒక్కటే, వాడుకొనువారు అనేకులు. ఒక్కచోట దిద్దినచో అందరికిని దిద్దినట్లే. నేడు బల్లపై నుండు కంప్యూటరులును, చేతిలో ఇముడు సెల్‌ఫోనులును ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

దీనికి తరువాతి మెట్టు ప్లగిన్. గోడలో సాకెట్టు ఉన్నచో దీపమునైనను, పంఖానైనను, ఇస్త్రీపెట్టెనైనను దానికి తగిలించుకొనవచ్చును. గోడను కట్టిన తాపీవానికి ఇస్త్రీపెట్టెను గూర్చి తెలియనక్కరలేదు. సాకెట్టు కొలతలు అందరికిని తెలిసిన చాలును. అట్లే ప్రధాన ప్రోగ్రామును వ్రాయువారు కొన్ని సాకెట్టులను విడిచియుంచినచో, ఇతరులు వానికి సరిపడు భాగములను తరువాత వ్రాసి తగిలింపవచ్చును. అట్టి భాగమునకే ప్లగిన్ అని పేరు. కాని ప్లగిన్‌లు ప్రధాన ప్రోగ్రామునకు మాత్రమే తగులుకొని, తమలో తాము మాటలాడకున్నచో పాత చిక్కే మరల వచ్చును. ఒక ప్లగిన్‌లో నున్న మంచి ఫంక్షను ప్రక్క ప్లగిన్‌కు కావలసియున్నను అందదు. అది తనకొక నకలు వ్రాసికొనవలసివచ్చును. అందుచేత ప్లగిన్‌లు తమ ఫంక్షనులను ఒకదానితో నొకటి పంచుకొనుటకు తగిన వేదిక కావలెను.

అట్టి వేదికలలో ఎక్లిప్స్ అనునది ప్రసిద్ధమైనది. ప్రోగ్రాములు వ్రాయువారికి పనిముట్టుగా ఉపకరించు ఈ వేదికను ఐ.బి.యం. సంస్థ 2001లో అందరికిని ఉచితముగా విడుదల చేసెను. దాని నడిబొడ్డున నుండు భాగము మిక్కిలి చిన్నది. మిగిలినదంతయు ప్లగిన్‌ల సముదాయమే. ప్రతి ప్లగిన్‌తోను ఒక పరిచయపత్రము ఉండును. తన పేరేమి, తానెన్నవ కూర్పు, తనలోని ఏ ఫంక్షనులను ఇతరులకు ఇచ్చును, ఇతరులనుండి తనకేమి కావలెను అను నాలుగు సంగతులు ఆ పత్రమున ముఖ్యమైనవి. వేదిక మొదట ఆ పత్రములను చదివి, ఇచ్చువారిని పుచ్చుకొనువారితో కలుపును. కావలసినది దొరకని ప్లగిన్‌ను పనిలోనికి దింపదు. ఇతరులకు ఇచ్చెదనని చెప్పని ఫంక్షనులను బయటివారికి కానరానీయదు. అవసరము కలుగువరకు ఏ ప్లగిన్‌నైనను నిద్రలేపదు. చెరువునకు నీరటికాడు ఎట్టివాడో ప్లగిన్‌లకు వేదిక అట్టిది.

ఒక ఉదాహరణము చూడదగును. ఒక ప్లగిన్ పదములలోని వర్ణక్రమ దోషములను పట్టునది అనుకొనవలెను. ఉత్తరములు వ్రాయుటకు తోడ్పడు ప్లగిన్ ఒకటి, పద్దులు వ్రాయుటకు తోడ్పడు ప్లగిన్ మరియొకటి కలవు. ఆ రెండును తప్పులు పట్టు పనిని తాము వ్రాసికొనక, వేదికద్వారా మొదటి ప్లగిన్‌ను అడుగును. కొంతకాలమునకు ఎవరో దానికంటె మేలైన ప్లగిన్‌ను వ్రాసిరి. అదియు అదే రీతిగా పదమును పుచ్చుకొని, అదే రీతిగా జవాబు చెప్పుచున్నచో, పాతదానిని తీసి క్రొత్తదానిని ఉంచవచ్చును. ఉత్తరముల ప్లగిన్‌లో ఒక్క అక్షరమైనను మార్చనక్కరలేదు.

ఇందలి కీలకమంతయు మాట నిలుపుకొనుటలో నున్నది. ఫంక్షను నిచ్చినవారు దాని లోపలి పద్ధతిని ఎంతైనను మార్చుకొనవచ్చును గాని, బయటివారికి చేసిన వాగ్దానమును చెప్పకుండ మార్చరాదు. అందుచేతనే కూర్పులకు సంఖ్యలు వేయు ఆచారమేర్పడినది. 3.1.4 అను సంఖ్యలో చివరి అంకె మారినచో తప్పులు మాత్రమే దిద్దిరని అర్థము. నడిమి అంకె మారినచో క్రొత్త సదుపాయము చేరినదనియు, పాతవానికి భంగము లేదనియు అర్థము. మొదటి అంకె మారినచో పాత వాగ్దానమే మారినదని, వాడుకొనువారు జాగ్రత్త పడవలెనని హెచ్చరిక. 1990ల దశకములో విండోస్ కంప్యూటరులపై ఈ జాగ్రత్త కొరవడి జనులు చాల ఇక్కట్లు పడిరి. క్రొత్తగా చేర్చిన ప్రోగ్రాము ఒక్కొక్కసారి ఉమ్మడి లైబ్రరీని తీసివేసి, దాని స్థానమున తన వెంట తెచ్చిన వేరొక కూర్పును పెట్టెడిది. దానితో నిన్నటివరకు బాగుగా నడచిన మరియొక ప్రోగ్రాము నేడు నిలిచిపోయెడిది. ఆ లైబ్రరీలకు డి.ఎల్.ఎల్. అని పేరగుటచే, ఆ దుస్థితిని ప్రోగ్రాములు వ్రాయువారు డి.ఎల్.ఎల్. నరకమని పిలిచిరి.

ఉమ్మడి సొత్తునకు మరియొక అపాయము కలదు. అది 2016 మార్చి 22వ తేదీన లోకమునకు తెలియవచ్చినది. జావాస్క్రిప్టు భాషలో వ్రాసిన చిన్న చిన్న లైబ్రరీలను పంచుకొనుటకు ఎన్.పి.యం. అను భాండాగారమొకటి కలదు. అందు లెఫ్ట్‌ప్యాడ్ అను లైబ్రరీ యుండెను. ఇచ్చిన మాటకు ఎడమప్రక్క ఖాళీలనో సున్నలనో చేర్చి, కోరినంత పొడవు చేయుటయే దాని పని. అది కేవలము 11 పంక్తులది. మరియొక లైబ్రరీ పేరును గూర్చి వచ్చిన వివాదమున దానిని వ్రాసిన వ్యక్తి నొచ్చుకొని, తాను వ్రాసిన లైబ్రరీల నన్నింటిని భాండాగారమునుండి తీసివేసెను. లెఫ్ట్‌ప్యాడ్‌ను నేరుగా వాడుకొనువారు కొందరే. కాని వారు వ్రాసినదానిని మరికొందరు, వారిదానిని ఇంకను కొందరు వాడుకొనుచుండిరి. ఆ గొలుసులో ఒక్క చిన్న లంకె ఊడుటతో వేలకొలది ప్రోగ్రాములను నిర్మించు పని ఒక్కసారిగా ఆగిపోయినది. భాండాగారమువారు కొన్ని గంటలలోనే దానిని మరల నెలకొల్పిరి. అందరును వాడుకొనుచున్న లైబ్రరీని వ్రాసినవారైనను ఇష్టము వచ్చినట్లు తొలగింప వీలులేకుండ అటుపిమ్మట నియమములను బిగించిరి.

తెలుగువారికి మిక్కిలి దగ్గరగా వచ్చిన సంఘటనయు నొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ముందు తెలుగు అక్షరము కంప్యూటరు తెరపై ఎట్లు కనబడునో ఎరుగవలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికినది. ఆ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. గుణింతములకును, సంయుక్తాక్షరములకును విడివిడిగా స్థానములు లేవు. ‘జ్ఞా’ అను అక్షరమును కంప్యూటరు జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు గుర్తుల వరుసగా దాచుకొనును. తెరపై చూపునపుడు ఞకారమును ఒత్తుగా మార్చి క్రింద చేర్చవలెను. వరుసలో చివర నున్న దీర్ఘమును ముందున్న జకారమునకు తగిలింపవలెను. ఈ కూర్పు పని ఎంతో సూక్ష్మమైనది. సందేశములు పంపు ప్రోగ్రాము, ఉత్తరములు చదివించు ప్రోగ్రాము, వార్తలు చూపు ప్రోగ్రాము ఏదియు ఈ పనిని తాను చేయదు. అన్నియు వేదికలోని ఉమ్మడి లైబ్రరీని పిలిచి, అక్షరములను కూర్చియిమ్మని అడుగును.

2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఐఫోనులలో నుండిన అట్టి ఉమ్మడి లైబ్రరీయందు ఒక దోషము బయటపడినది. ఆ లైబ్రరీకి కోర్‌టెక్స్ట్ అని పేరు. పైన చెప్పిన ‘జ్ఞా’ గుర్తుల వరుసలో ఞకారమునకును దీర్ఘమునకును నడుమ, ప్రక్క అక్షరములు కలియవలదని తెలుపు గుర్తొకటి చేరినచో లైబ్రరీ తొట్రుపడుచుండెను. ఆ గుర్తు కంటికి కానరాదు. మామూలుగా వ్రాసిన ‘జ్ఞానము’ అను మాటవలన ఏ హానియు లేకుండెను. కాని ఆ కానరాని గుర్తుతో కూడిన అక్షరము సందేశములో వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము తటాలున మూతపడెను. వేర్వేరు సంస్థలు వ్రాసిన వేర్వేరు ప్రోగ్రాములన్నియు అదే అక్షరమువద్ద కూలినవి. తెరపై సూచనలను చూపు భాగముకూడ ఆ లైబ్రరీనే పిలుచుటవలన, ఒక్కొక్కసారి ఫోనే పనిచేయకపోయినది. తెలుగు ఎరుగని దేశములవారుకూడ ఒక తెలుగు అక్షరమును చూచి బెదరవలసి వచ్చినది.

తప్పు ఆ అక్షరమునందు లేదు, ఆయా ప్రోగ్రాములు వ్రాసినవారియందును లేదు. తప్పు ఉమ్మడి కట్టలో పడిన గండిలో నున్నది. అందుచేతనే మరమ్మతుకూడ ఒక్కచోటనే సరిపోయినది. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 సంఖ్యగల కూర్పును విడుదల చేసి ఆ దోషమును సవరించెను. ఆ కూర్పును చేర్చుకొన్న ఫోనులలో అన్ని ప్రోగ్రాములును ఒక్కసారిగా చక్కబడినవి. వానిని వ్రాసినవారు ఒక్క పంక్తియైనను మార్చవలసిన పని లేకపోయినది. పైన చెప్పిన మూడు అంకెల ఆచారము ప్రకారము ఇచ్చట చివరి అంకె మాత్రమే 5 నుండి 6కు మారినది. ఇచ్చిన మాట మారలేదు, తప్పు మాత్రమే తొలగినది.

ఈ కథకు వెలుగుప్రక్క మరియొకటి కలదు. హర్ఫ్‌బజ్ అను ఉచిత లైబ్రరీకూడ అక్షరములను కూర్చు పనినే చేయును. ఆండ్రాయిడ్ ఫోనులు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ మొదలైనవి దానిని వాడుకొనుచున్నవి. తెలుగు గుణింతములను, ఒత్తులను సరిగా కూర్చుటకు అందు ఒకసారి పడిన శ్రమ ఇన్నింటికిని ఉపకరించుచున్నది. ఉత్తరము వ్రాయు వృద్ధుడును, పాఠము చదువుకొను బాలికయు, వార్తలు చూచు రైతును తమకు తెలియకుండనే ఆ శ్రమఫలమును అనుభవించుచున్నారు. ఈ ఏర్పాటు లేకున్నచో, ప్రోగ్రాము వ్రాయు ప్రతివారును తెలుగు ఒత్తులను నేర్చుకొనవలసి వచ్చెడిది. అంత ఓపిక ఎందరికి ఉండును? చాల ప్రోగ్రాములలో తెలుగునకు చోటే లేకపోయెడిది.

ఒకరి శ్రమను పదుగురు పంచుకొనునపుడు లాభము పదిరెట్లగును. లోపమును పదిరెట్లగును. లోపమునకు వెరచి ఎవరి గుంట వారు త్రవ్వుకొనుట మార్గము కాదు. ఇచ్చునది ఏదో స్పష్టముగా చెప్పుట, చెప్పిన మాటను నిలుపుకొనుట, మార్పు చేసినపుడు ముందుగా తెలుపుట, నలుగురు ఆధారపడినదానిని కోపముతో తొలగింపకుండుట, గండి కనబడినపుడు వెంటనే పూడ్చుట అను నియమములను పాటించుటయే సరియైన మార్గము. కంప్యూటరు ఎరుగని పూర్వులు చెరువు క్రింద సేద్యమునకు పెట్టుకొన్న కట్టుబాట్లును ఇట్టివే.